నడకలో ఆలస్యం: సింగ్‌నగర్ రెండు కాళ్ల రోబో డైరీ

నవంబరు 23

రెండో రోబో ఈ రోజు మొదలైంది. మొదటిది లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అది మా షాపులో కింది అరలో ఉంది. నీళ్లు తీశాక సర్వోలు (కీళ్లని చెప్పిన కోణానికి తిప్పే చిన్న మోటార్లు) విప్పి చూస్తే గేర్ల పళ్ల మధ్య ఒండ్రు సిమెంటులా పట్టేసి ఉంది. పదింటిలో ఒక్కటి కూడా తిరగలేదు. మాది ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసే షాపు. ముందు కస్టమర్ల సామాను చూసుకోవాలి కదా, ఏడాది పైగా దీని జోలికి పోలేదు. ఇప్పుడు మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్‌కి వచ్చాడు. ఆదివారాలు వచ్చి కూర్చుంటానన్నాడు. వాడి ఉత్సాహం చూసి మళ్లీ పట్టాను. మొదటిసారి ఏం చేశానో ఎక్కడా రాసుకోలేదు, రోబోతో పాటు అదీ పోయింది. అందుకే ఈసారి డైరీ.

కొలతలు ముందుగా. ఒక్కో కాలికి ఐదు కీళ్లు: తుంటి దగ్గర రెండు, మోకాలు ఒకటి, చీలమండ దగ్గర రెండు. తొడ 9 సెంటీమీటర్లు, పిక్క 9. పాదం పొడవు 12, వెడల్పు 7. నిలబడ్డప్పుడు ఎడమ పాదం మధ్య నుంచి కుడి పాదం మధ్యకి 8. మొత్తం బరువు 1.4 కిలోలు దాటకూడదు. సర్వోలు ఎంజీ996ఆర్. ఒక్కోటి 55 గ్రాములు, 6 వోల్టుల దగ్గర గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 11 కిలో-సెంటీమీటర్లు. మెదడు ఈఎస్‌పీ32, సర్వోలకి సిగ్నల్ పంపేది పీసీఏ9685, ఒంటి వంపు చెప్పేది ఎంపీయూ6050. బరువు ఏ పాదం మీద ఎంత పడుతోందో తెలియడానికి పాదాల కింద లోడ్ సెల్స్, వాటికి హెచ్‌ఎక్స్711 బోర్డులు.

నవంబరు 29

పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టే వీధి దాటాక ఒక చిన్న లేత్ షాపు ఉంది. ఆ బాబాయ్ దగ్గరే పాత రోబో బ్రాకెట్లు కూడా చేయించాను. 2 ఎంఎం అల్యూమినియం షీటు కోసి, యూ ఆకారంలో వంచి ఇచ్చాడు. నేను గీసుకెళ్లిన బొమ్మలో సర్వో షాఫ్టు ఒక పక్కనే బ్రాకెట్‌ని పట్టుకుంటుంది, రెండో పక్క ఖాళీ.

"ఒక పక్కే పట్టుకుంటే ఊగదా అబ్బాయ్? సైకిల్ చక్రానికి ఫోర్క్ రెండు పక్కలా ఎందుకుంటుంది?" అన్నాడు.

నిజమే. పాతదానిలో ఈ తప్పు చేసి, నడక సరిగ్గా రాకపోతే ప్రోగ్రాంలో వెతుక్కున్నాను. బాబాయ్ అప్పటికప్పుడు 3 ఎంఎం పిన్నులు తీసి, సర్వో వెనకవైపు చిన్న ఫ్లాంజ్ బేరింగులు కూర్చునేలా ప్లేట్లు చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి ఒక కాలు బిగించి, తుంటి దగ్గర బిగపట్టి, పాదాన్ని వేలితో పక్కకి నెట్టి చూశాం. బేరింగు లేకుండా పాదం 4 ఎంఎం ఊగింది. బేరింగు వేశాక ఒకటిన్నర. ఆ ఒకటిన్నరా సర్వో లోపలి గేర్ల లూజు, దాన్ని నేనేం చేయలేను.

డిసెంబరు 7

రెండు కాళ్లూ బిగించి నిలబెట్టాం. నిలబడింది. మోకాళ్లు వంచి గుంజీ తీయమంటే సగంలో ఈఎస్‌పీ32 రీస్టార్ట్ అయిపోతోంది, పది సర్వోలూ ఒక్కసారి సున్నాకి దూకుతున్నాయి. మేనల్లుడు భయపడి చెయ్యి అడ్డం పెట్టాడు. అల్యూమినియం అంచు తగిలి వేలు కొంచెం తెగింది.

ఆసిల్లోస్కోప్ పెట్టి చూస్తే 6 వోల్టుల లైను 4.2కి పడిపోతోంది. ఎండాకాలం ఏసీ ఆన్ చేయగానే లైట్లు డిమ్మవుతున్నాయని వచ్చే కంప్లయింటూ ఇదే. ఒక్కో ఎంజీ996ఆర్ ఇరుక్కున్నప్పుడు 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. పదీ కలిస్తే 25. నేను పెట్టింది 5 ఆంపియర్ల బక్ మాడ్యూల్ (వోల్టేజీ తగ్గించే బోర్డు). పైగా సెల్స్ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి తీసినవి, అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేవు. ఎక్కువ కరెంటు ఇచ్చే 18650 సెల్స్ రెండు కొత్తవి సిరీస్‌లో పెట్టాను. ఒక్కో కాలికి ఒక్కో 8 ఆంపియర్ల రెగ్యులేటరు, బోర్డుకి మరోటి విడిగా. ప్రతి కాలి లైను మీదా 2200 మైక్రోఫారడ్ కెపాసిటరు. గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే. ఇప్పుడు లైను 5.6 కిందకి పోవట్లేదు.

వేలికి అయిన గాయం చూసి అక్క నన్ను తిట్టింది. అంచులన్నీ ఆకురాయి పెట్టి గుండ్రం చేశాను. ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

డిసెంబరు 13

ఈ రోజు నడిచింది. ఎనిమిది అడుగులు. ఒక్కో అడుగుకి ఆరు సెకన్లు.

ఎలాగంటే, ముందు ఒళ్లంతా పక్కకి వాల్చి బరువు పూర్తిగా ఎడమ పాదం మీదకి తెచ్చాం. అది కుదురుకున్నాక కుడికాలు ఎత్తి ముందుకి పెట్టాం. మళ్లీ ఒళ్లు కుడివైపు. ఏ క్షణంలో ఆపేసినా పడిపోకుండా నిలబడే నడక ఇది. 1973లో జపాన్‌లో వాసెదా యూనివర్సిటీలో ఇచిరో కాతో బృందం చేసిన వాబాట్-1 ఇలాగే నడిచింది. హోండా వాళ్లు 1986లో మొదలుపెట్టిన ఈ0 కూడా ఒక్కో అడుగుకి దాదాపు ఐదు సెకన్లు తీసుకునేది. అక్కడి నుంచి 2000లో అసిమో దాకా రావడానికి అంత పెద్ద కంపెనీకే పద్నాలుగేళ్లు పట్టింది. మా ఎనిమిది అడుగుల్ని నేను తక్కువగా చూడను.

మేనల్లుడికి జెడ్‌ఎంపీ (జీరో మూమెంట్ పాయింట్) గురించి చెప్పాను. 1960ల చివర్లో బెల్‌గ్రేడ్‌లో మియోమిర్ వుకోబ్రటోవిచ్ మొదలుపెట్టిన ఆలోచన. నేల పాదాన్ని ఎన్నోచోట్ల పైకి తోస్తుంది. ఆ తోపులన్నిటినీ కలిపి ఒక్క చుక్క దగ్గర ఉన్నట్టు లెక్క వేసుకోవచ్చు. ఆ చుక్క పాదం మధ్యలో ఉంటే పాదం నేలకి అంటుకుని ఉంటుంది. అంచుకి చేరిందంటే పాదం ఆ అంచు మీద తిరగడం మొదలవుతుంది, ఇక చీలమండ ఎంత తిప్పినా ఒళ్లు నిలవదు. వాడికి సరిగ్గా ఎక్కలేదనిపించి గోడ పక్కన నిలబెట్టాను. ఎడమ భుజం, ఎడమ పాదం గోడకి ఆనించి కుడికాలు ఎత్తమన్నాను. ఎత్తలేకపోయాడు. ఒళ్లు ఎడమకి జరిగే చోటు లేదు, బరువు ఎడమ పాదం మీదకి రాలేదు. "కాలు బానే ఉంది మావయ్యా, బరువే వదలట్లేదు" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

డిసెంబరు 14

భవానీల రద్దీకి వన్‌టౌన్ వైపు వెళ్లలేకపోయాను. స్క్రూలు లేవు. పని లేదు.

డిసెంబరు 21

వేగం పెంచితే పడిపోతోంది. అడుగుకి ఆరు సెకన్ల నుంచి మూడుకి తెచ్చేసరికి మూడో అడుగులో బోర్లా. ఈ వారమంతా రాత్రిపూట షాపు మూశాక ఇదే పని. మోకాళ్లు కూడా వేడెక్కుతున్నాయి, ముట్టుకుంటే చురుక్కుమంటోంది.

మోకాలి సంగతి తేలికగానే దొరికింది. మోకాలు వంగి ఉన్నప్పుడు అది తుంటికీ చీలమండకీ మధ్య గీత కన్నా 4 సెంటీమీటర్లు ముందుకి ఉంటోంది. ఒంటికాలి మీద ఉన్నప్పుడు మోకాలి పైన ఉండే బరువు దాదాపు 1.2 కిలోలు. అంటే 4.8 కిలో-సెంటీమీటర్లు, అదీ అడుగు అడుగుకీ. 11 అని రాసి ఉన్న సర్వో ఆగకుండా దానిలో సగం మోయడం చాలా కష్టం. పోనీ మోకాలు నిటారుగా పెడదామంటే కుదరదు. పూర్తిగా చాచిన కాలు ఇంకా పొడుగు కాలేదు, అప్పుడు నడుము ఎత్తు మన చేతిలో ఉండదు. వంపు తగ్గించి 2.5 సెంటీమీటర్లకి తెచ్చాను. భారం 3కి దిగింది. మోకాళ్ల దగ్గర మాత్రం 25 కేజీ సర్వోలు, అంటే టార్క్ 25 కిలో-సెంటీమీటర్లు ఉండేవి, వేద్దామని నిర్ణయించాను.

పడిపోవడం సంగతి మాత్రం కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. ఒంటికాలి మీద నిలబడ్డ ఒళ్లు తలకిందుల లోలకం. అది ఎంత త్వరగా పడుతుందో దాని ఎత్తును బట్టి ఉంటుంది, బరువుతో సంబంధం లేదు. గురుత్వ త్వరణాన్ని గరిమనాభి (ఒంటి బరువంతా ఉన్నట్టు లెక్కవేసే చుక్క) ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే సెకనుకి ఎంత జోరుగా పడుతుందో వస్తుంది. మనిషికి ఆ ఎత్తు 0.95 మీటరు అనుకుంటే 3.2. మా రోబోకి 20 సెంటీమీటర్లు, అంటే 7. మనిషి 1 సెంటీమీటరు పక్కకి ఒరిగితే 0.3 సెకన్ల తర్వాత ఆ ఒరుగు ఒకటిన్నర అవుతుంది. మా రోబో 1 ఒరిగితే అదే 0.3 సెకన్లలో 4 దాటిపోతుంది. పాదం సగం వెడల్పు మూడున్నరే.

అరచేతిలో చీపురుకట్ట నిలబెట్టడం చిన్నప్పుడు అందరం ఆడినదే. పెన్సిల్‌ని అలా నిలబెట్టిన వాళ్లని చూడలేదు. చిన్న రోబో అంటే తేలిక అనుకుని మొదలుపెడతాం గానీ, దానికి దొరికే టైం పెద్దదానికన్నా తక్కువ. దీని మొత్తం గడువు సెకనులో ఏడో వంతు, 143 మిల్లీసెకన్లు. అందులో మేం ఎంత వృథా చేస్తున్నామో చూడాలి.

డిసెంబరు 28

ఆలస్యం ఎక్కడెక్కడుందో వెతికాం. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు అన్నిటికన్నా నచ్చిన రోజు ఇది.

మొదట లోడ్ సెల్స్. వాటి హెచ్‌ఎక్స్711 బోర్డు మామూలుగా సెకనుకి 10 రీడింగులే ఇస్తుంది. అంటే ఒక్కో రీడింగు 100 మిల్లీసెకన్లు. బరువు మారాక సరైన విలువకి కుదురుకోవడానికి 400 పడుతుందని డేటాషీట్‌లోనే ఉంది. మా గడువు 143! కూరగాయల త్రాసుకి ఇది చక్కని చిప్, నడకకి పనికిరాదు. 15వ పిన్నును ఎత్తి సప్లైకి కలిపితే సెకనుకి 80 ఇస్తుంది. లెన్స్ కింద పెట్టి ఒక బోర్డుకి ఎత్తాను కూడా. అప్పుడైనా కుదురుకోవడానికి 50. వదిలేశాను. వాటి బదులు నొక్కితే రెసిస్టెన్స్ తగ్గే పల్చటి ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సర్లు పెట్టాం. వాటి గ్రాముల లెక్కని నమ్మలేం. అయితే బరువు ఏ పక్కకి పోతోందో వెంటనే చెబుతాయి, మాకు కావలసింది అదే. వైఫై వాడేటప్పుడు ఈఎస్‌పీ32లో రెండో ఏడీసీ (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పనిచేయదు. మొదటి ఏడీసీకి మా బోర్డు మీద బయటికి వచ్చే పిన్నులు ఆరే. అందుకని పాదానికి మూడు చొప్పున: ముందు రెండు, మడమ కింద ఒకటి. మూడు చాలు, ముక్కాలి పీట లాగా.

తర్వాత ఎంపీయూ6050. పాత ప్రోగ్రాం నుంచి ఎత్తి పెట్టిన లైన్లలో దాని లోపల వణుకు తీసేసే ఫిల్టరు 5 హెర్ట్జ్ దగ్గర ఉంది. రీడింగులు నున్నగా, చూడముచ్చటగా వస్తున్నాయి. వస్తూ వస్తూ 19 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తున్నాయి. 44 హెర్ట్జ్‌కి మార్చాను. ఆలస్యం 5కి దిగింది. గీత కొంచెం వణుకుతోంది, పర్వాలేదు.

తర్వాత వైర్లు. పది సర్వోలకీ విడివిడిగా కబురు పంపుతుంటే ఐ-టూ-సీ లైను (చిప్‌లు మాట్లాడుకునే తీగలు) 100 కిలోహెర్ట్జ్ మీద 5.4 మిల్లీసెకన్లు తింటోంది. 400కి పెంచి, పది విలువలూ ఒకే గుక్కలో పంపితే 1 లోపే అయిపోతోంది.

చివరగా సర్వో. దీన్ని లెక్కతో తేల్చలేం, కళ్లతో చూడాల్సిందే. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, సర్వో పక్కన ఒక ఎర్ర ఎల్‌ఈడీ పెట్టాం. ప్రోగ్రాం కమాండ్ పంపిన క్షణమే ఎల్‌ఈడీ వెలుగుతుంది. హార్న్ (సర్వో షాఫ్టుకి బిగించే చెయ్యి) మీద తెల్లటి వైట్‌నర్‌తో గీత గీశాను. వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ మేనల్లుడు పైకి లెక్కపెట్టాడు. ఎల్‌ఈడీ వెలిగింది. ఒకటి, రెండు, మూడు, గీత కదల్లేదు. నాలుగు, ఐదు. ఆరో ఫ్రేములో గీత అంచు కొంచెం మసకబారింది, ఏడులో కదిలింది. ఇరవైసార్లు చేశాం. తక్కువలో తక్కువ 5 ఫ్రేములు, ఎక్కువలో ఎక్కువ 9. ఫ్రేముకి 4.2 మిల్లీసెకన్లు కాబట్టి 21 నుంచి 38. తేడా ఎందుకొస్తోందంటే సర్వోకి సిగ్నల్ 20 మిల్లీసెకన్లకి ఒకసారే వెళుతుంది. కమాండ్ ఇచ్చినప్పుడు బస్సు ఇప్పుడే పోయి ఉంటే తర్వాతి బస్సు దాకా ఆగాలి. ఇది ఈ సర్వోలతో తగ్గదు.

రాత్రి పదకొండుకి చీలమండకి గైరో (ఎంపీయూ6050లో ఒళ్లు ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే భాగం) ఫీడ్‌బ్యాక్ మళ్లీ పెట్టి చూశాం. ఒళ్లు ఎటు తిరుగుతుంటే చీలమండ దానికి ఎదురు తోస్తుంది. ఇన్నాళ్లూ గెయిన్, అంటే ఎంత గట్టిగా ఎదురు తోయాలో చెప్పే అంకె, 0.1 దాటితే కాళ్లు చలిజ్వరం వచ్చినట్టు వణికేవి. దిద్దుబాటు అవసరం తీరాక వచ్చి చేరేది మరి. ఇప్పుడు 0.25 దాకా వణుకు లేదు. వేలితో భుజం నెడితే తిరిగి నిలబడుతోంది. మేనల్లుడు పదే పదే నెట్టి చూస్తూనే ఉన్నాడు, ఇంటికి పొమ్మంటే పోడు.

జనవరి 4

బ్యాటరీని, రెగ్యులేటర్లని, బోర్డులని కింద నుంచి తీసి పైన, మెడ ఉండాల్సిన చోట పెట్టాను. బరువు కిందుంటే నిలకడ అని అందరం అనుకుంటాం. బల్ల మీద కదలకుండా ఉండే వస్తువుకి అది నిజమే. నడిచేదానికి మాత్రం గరిమనాభి పైకి పోతే పడటానికి పట్టే టైం పెరుగుతుంది. చీపురు బరువైన కొస పైకి ఉంటే అరచేతిలో ఇంకా తేలికగా నిలుస్తుంది, చేసి చూడండి. 20 సెంటీమీటర్ల నుంచి 24కి వచ్చింది. గడువు 143 నుంచి 156 మిల్లీసెకన్లయింది. బరువు పైకి జరిపినందుకు 13 మిల్లీసెకన్లు!

25 కేజీ సర్వోలు మోకాళ్లకి వేశాం. ఇప్పుడు గోరువెచ్చగా ఉంటున్నాయి.

జనవరి 11

పని పక్కన పెట్టి కొండపల్లి వెళ్లాం. పని మీదే అనుకోవచ్చు. తెల్ల పొణికి కర్ర కోసం వెళ్లాను, పాదాలకి పై తొడుగు దానితో చేద్దామని. ఆ కర్ర చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

అక్కడ బొమ్మలు చేసే ఒక పెద్దాయనతో మాట కలిసింది. మోటారు లేకుండా నడిచే బొమ్మ గురించి చెప్పాను. 1990లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో టాడ్ మెక్‌గీర్ రాసిన పేపరు అది. సరైన కొలతలతో కాళ్లు చేసి కొద్దిపాటి వాలు మీద వదిలితే, మోటారు, కంప్యూటరు ఏవీ లేకుండా దానంతట అదే నడుచుకుంటూ దిగిపోతుంది. కాగితం మీద గీసి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. రెండు చెక్క ముక్కలు తీసుకుని కాళ్లు చెక్కాడు, తుంటికి ఒక ఇనుప చువ్వ గుచ్చాడు. పాదాలు బల్లపరుపుగా పెడితే బొమ్మ నిలబడిపోయింది. అప్పుడు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు అరికాలికి మెత్తి, బొటనవేలితో రుద్ది గుండ్రంగా చేశాడు. ఆరాక పలక ఒక పక్క ఎత్తి వదిలాడు. ఎడమకి ఒరిగి, కుడికాలు ఊగి, టక్ మని పడింది. కుడికి ఒరిగింది. టక్. ఏడు అడుగులు వేసి పలక చివర పడిపోయింది.

నాకు ఒళ్లు జలదరించింది. మనం ప్రోగ్రాంలో ఇంత కష్టపడి రాసేదాన్ని ఆ బొమ్మ అరికాలి గుండ్రం, కాలి పొడవు చూసుకుంటున్నాయి. ఒరిగిన ఒళ్లు దానంతట అదే తిరిగి వస్తుంది. దాన్ని పూర్తిగా మోసుకెళ్లి అవతలి పాదం మీద పెట్టాల్సిన పని లేదు. డబ్బులివ్వబోతే కర్రకి మాత్రం తీసుకున్నాడు.

జనవరి 18

సంక్రాంతి ముందు మా పాప నడిచింది. పదకొండో నెల. వంటింటి గడప పట్టుకుని నిలబడి, వదిలేసి, నాలుగు తప్పటడుగులు వేసి మా ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుంది. అడుగులకి అరిసెలు కదా! ఎలాగూ పండక్కి పాకం పడుతున్నారు, అమ్మ ఇంకో కిలో బియ్యం నానబోసింది. కనుమ మర్నాడు వరసగా అరిసెలు పరిచి వాటి మీద నడిపించాం. వీధిలో అందరికీ పంచాం.

ఆ వీడియోని కూడా స్లో మోషన్‌లోనే తీశాను. రాత్రి చూస్తుంటే, పాప ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడట్లేదు. పాదాలు ఎడంగా పెడుతుంది, చేతులు పైకి. అడుగులు చిన్నవి, చాలా గబగబా పడతాయి. ఒళ్లు ఒక పాదం పైదాకా పోకముందే రెండో కాలు వచ్చేస్తుంది. పొట్టి లోలకం కాబట్టి పొట్టి గడువు, అందుకే గబగబా.

దీని లెక్క ముందే వేసి పెట్టుకున్నాను, ధైర్యం చాలలేదు. రెండు పాదాల నడిమి నుంచి ఏ పాదం మధ్యకైనా 4 సెంటీమీటర్లు. అడుగుకి 0.8 సెకన్లు తీసుకుంటే ఒళ్లు 3.4 సెంటీమీటర్లు, అంటే దాదాపు పాదం మధ్య దాకా పోవాలి. అక్కడ కొంచెం ఎక్కువైనా అవతలికి పడిపోతుంది. అదే 0.4 సెకన్లు చేస్తే ఊగాల్సింది 2 సెంటీమీటర్లే. అది పాదం మధ్యకి చేరకుండానే గురుత్వమే దాన్ని ఇవతలికి లాగేస్తుంది. ఇన్నాళ్లూ నేను పడిపోతుందని భయపడి నెమ్మదిగా నడిపించాను. మూడు సెకన్లు, రెండు సెకన్లు అంటూ మెట్లు దిగుతున్నాను. ఆ మధ్యలో ఉన్నదంతా అన్నిటికన్నా కష్టమైన చోటు.

ఈ రోజు నేరుగా 0.4 పెట్టాం. ముందుకి నడవకుండా ఉన్నచోటే అడుగులు. మొదటి పన్నెండుసార్లు పడింది, మేనల్లుడు తలగడ పట్టుకుని కూర్చున్నాడు. ఊగు 2 నుంచి 2.3కి పెంచాక పదమూడోసారి టకటకటక మంటూ ఆగకుండా ఇరవై రెండు అడుగులు వేసింది. చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. డబ్బాలో మిగిలిన అరిసె ఒకటి తెచ్చి రోబో ముందు పెట్టింది. మేం ముగ్గురం కాసేపు అలా చూస్తూ ఉండిపోయాం.

జనవరి 25

వరండాలో ఎప్పుడూ ఎడమవైపే పడుతోంది. రెండు రోజులు ఎడమ చీలమండ సర్వోని అనుమానించి మార్చాను, అయినా అదే. పక్కింట్లో పనిచేస్తున్న తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి నేల మీద పెడితే బుడగ పక్కకి పోయింది. కడిగిన నీళ్లు పోవడానికి వరండాకి వాలు పెడతారు కదా! 80కి 1. గరిమనాభి 24 సెంటీమీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అది 3 ఎంఎం పక్కకి జరిగినట్టే. 2 సెంటీమీటర్ల ఊగులో 3 ఎంఎం అంటే చిన్నది కాదు. ఇప్పుడు నిలబెట్టగానే ఎంపీయూ6050 సగటు తీసుకుని చీలమండల్ని వాలుకి సరిచేసుకుంటోంది. అరికాళ్లకి సైకిల్ ట్యూబు కోసి అంటించాను, నాపరాళ్ల మీద జారడం ఆగింది.

ఫిబ్రవరి 1

ముందుకి నడుస్తోంది గానీ, ఎత్తిన కాలి బొటనవేలి వైపు నేలకి రాసుకుంటోంది. కాలు 15 ఎంఎం ఎత్తమని చెబుతున్నాను. స్కేలు పెట్టి వీడియో తీస్తే 9 మాత్రమే లేస్తోంది. మిగతా 6 ఎక్కడికి పోయాయి? ఒంటికాలి మీదకి రాగానే తుంటి సర్వోలో లూజు, బ్రాకెట్ వంగడం కలిసి నడుము ఎత్తిన కాలి వైపు కుంగుతోంది. నిలబడ్డ కాలి చీలమండ కూడా కొంచెం లొంగి ఒళ్లంతా అటే వాలుతోంది. ఇవి లెక్కలో లేవు. లెక్క కీళ్లన్నీ గట్టిగా ఉన్నాయనుకుంటుంది. ఒంటికాలి మీద ఉన్నంతసేపూ తుంటికి 3 డిగ్రీలు, చీలమండకి 1 డిగ్రీ ముందే ఎదురు ఇచ్చాను. ఇప్పుడు 14 లేస్తోంది.

మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, వీడియోల్లో రోబోలకి కంప్యూటర్‌లోనే ట్రైనింగ్ ఇస్తున్నారు కదా, మనమూ అలా చేస్తే పోదా?" మంచి ప్రశ్న. 2021లో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల రెండు కాళ్ల రోబో క్యాసీ అలా నేర్చుకునే 5 కిలోమీటర్లు 53 నిమిషాల్లో పరుగెత్తింది. తప్పకుండా చేద్దాం అన్నాను. ఆ సిమ్యులేటర్‌లో పెట్టాల్సిన అంకెలు మాత్రం మన డైరీలోవే: సర్వో 21 నుంచి 38 మిల్లీసెకన్లు, తుంటి లూజు, కుంగుడు. అవి లేకుండా అక్కడ నేర్చుకున్న నడక మన వరండాలో నిలవదు.

ఫిబ్రవరి 8

ఆఖరి ఆలస్యం గడియారంలోనే దొరికింది. 0.4 సెకన్లకి అడుగు అని రాసి పెట్టాం. రోబో కొంచెం ముందే ఒరిగి కాలు 0.36 దగ్గరే నేలకి తగిలినా, ప్రోగ్రాం ఇంకా 0.04 సెకన్లు కాలు దించుతూనే ఉంటోంది. అంటే నేలని తన్నుతోంది. ఆ తన్నుకి ఒళ్లు ఇంకాస్త ముందే ఒరుగుతుంది. అలా అడుగు అడుగుకీ పెరిగి ఇరవయ్యో అడుగుకి పడిపోతోంది. ఇప్పుడు ఎఫ్‌ఎస్‌ఆర్ మూడింటిలో ఏ రెండు నొక్కుకున్నా అడుగు అయిపోయినట్టే, గడియారం అక్కడ మళ్లీ మొదలు. కాలు ఇంకా తగలకపోతే 0.06 దాకా ఆగి చూస్తుంది.

షాపు షట్టరు నుంచి లోపలి బల్ల దాకా 41 అడుగులు నడిచింది. మధ్యలో రెండు రాళ్ల అతుకు దగ్గర తట్టుకుని, ఎడమకాలు గబుక్కున వేసుకుని, సర్దుకుని మళ్లీ నడిచింది. ఆ ఒక్క అడుగు వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దాన్ని ఎవరూ అలా వేయమని చెప్పలేదు. పాదం తగిలిందని తెలుసుకుని తానే వేసుకుంది.

ఫిబ్రవరి 15

మేనల్లుడికి పరీక్షలు దగ్గరకొచ్చాయి. మార్చి చివరి దాకా రావద్దని నేనే చెప్పాను. రోబోని ఈసారి పై అరలో పెట్టాను.

బల్ల దగ్గరికి వచ్చాక తిరగడం దానికి రాదు, తుంటిలో నిలువు కీలు లేదు. పాదాలు ఈడ్చి తిప్పితే సైకిల్ ట్యూబు ఊడొస్తోంది. కాలికి ఇంకో సర్వో చొప్పున పన్నెండవుతాయి. 110 గ్రాములు పెరుగుతుంది, తుంటి 2 సెంటీమీటర్లు పైకి పోతుంది. టైం కొంచెం పెరుగుతుంది, మోకాళ్ల భారమూ పెరుగుతుంది. బొమ్మ గీసి బాబాయ్‌కి ఫోన్‌లో పంపాను. "బేరింగు కిందా మీదా రెండు పెట్టాలి, ఇది బరువు మోసే కీలు. గురువారం రా" అన్నాడు.